గజ్జీ కాదు, తామరా కాదు

పినపాక నుంచి భద్రాచలం దాకా ఏ ఊళ్లోనైనా బిడ్డ ఒళ్లు గోక్కుంటుంటే గజ్జి అంటారు, కాకపోతే తామర. రెండూ అంటుకునేవే. గజ్జికి కంటికి ఆనని చిన్న పురుగు కారణం, తామరకు బూజుజాతి. ఎవరికీ అంటని అటోపిక్ ఎగ్జిమాకు మాత్రం వాడుకలో సొంత పేరు లేదు. దాన్నీ తామర అనే రాస్తుంటారు. పేరు కలిసిపోతే మందూ కలిసిపోతుంది.

ఎగ్జిమాను తేల్చే రక్తపరీక్ష లేదు. అడగాలి, చూడాలి. బ్రిటన్ వైద్యులు 1994లో ఇచ్చిన కొలమానానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. గడిచిన ఏడాదిలో దురద ఉండి తీరాలి. దానికి తోడు రెండేళ్లలోపే మొదలవడం, మోచేతుల, మోకాళ్ల మడతల్లో ఇదివరకు రావడం, ఇప్పుడూ అక్కడ కనబడటం, ఒళ్లంతా పొడిబారడం, ఉబ్బసం లేదా ఎడతెగని తుమ్ముల జలుబు: వీటిలో మూడైనా ఉండాలి. చంటిపిల్లలకైతే ముందు బుగ్గల మీద వస్తుంది.

వైద్య పుస్తకాల్లో ‘ఎర్రబారిన చర్మం’ అని ఉంటుంది. అది తెల్లతోలును చూసి రాసిన మాట. మన పిల్లల ఒంటి మీద ఆ ఎరుపు ముదురు గోధుమరంగుగానో, ఊదాగానో, బూడిదరంగుగానో తేలుతుంది. ఒక్కోసారి వెంట్రుకల కుదుళ్ల దగ్గర సన్నని పొక్కులే ఉంటాయి. చూపుకు దొరకని ఆ గరుకు వేళ్లకు తెలుస్తుంది, అందుకే తడిమి చూడమంటాను. మానాక తెల్లమచ్చ మిగిలితే కుష్టేమోనని ఇంటిల్లిపాదీ బెంగపడతారు. కుష్టు మచ్చ మామూలుగా దురద పెట్టదు, స్పర్శ తగ్గుతుంది. అనుమానముంటే ఆరోగ్య కేంద్రంలో చూపించాలి.

గజ్జి దురద రాత్రిపూట ఎక్కువ. వేళ్ల సందుల్లో, మణికట్టు మీద, బొడ్డు చుట్టూ ఉంటుంది, ఇంట్లో మరొకరూ గోక్కుంటుంటారు. ఆశ్రమ పాఠశాలలో పక్కపక్కనే పడుకునే పిల్లలకు అది ఇట్టే పాకుతుంది. ఎగ్జిమా ఉన్న బిడ్డను మాత్రం వేరుగా పడుకోబెట్టాల్సిన పని లేదు. గజ్జి అనుకుని దూరం పెడితే ఆ పసిమనసు పడే బాధకు మందు లేదు.

తామరకు అంచు ఉబ్బిన గుండ్రని మచ్చ గుర్తు. కానీ దురదకని షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. డాక్టరు చెప్పిన మోతాదులో ఎగ్జిమాకు అది సరైన మందే. తామర మీద రాస్తే దురద అణుగుతుంది, బూజు లోలోపల పాకుతుంది, ఆ అంచు చెదిరిపోయి డాక్టరుకే గుర్తుపట్టడం కష్టమవుతుంది. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు వాడిన ఆ ట్యూబును కూడా వెంట పట్టుకెళ్లండి.