అది గోడ బొమ్మ కాదు.. పెద్దల ఇల్లు!

ఎర్రటి గోడ మీద తెల్లగా, పుల్లల్లాంటి చిన్న చిన్న మనుషులు. పక్కన ఏనుగు, నెత్తిన సూర్యుడు. అరకు ట్రిప్‌లోనో, ఏ క్రాఫ్ట్ బజార్‌లోనో ఇలాంటి బొమ్మ కనిపిస్తే 'ఓ, వార్లీ పెయింటింగ్!' అనేస్తాం. వార్లీ మహారాష్ట్రది. మీరు చూసింది మన తూర్పు కనుమల సవరల బొమ్మ కావచ్చు!

పార్వతీపురం మన్యం జిల్లా సీతంపేట కొండల నుంచి ఒడిశా దాకా సవర గూడేలున్నాయి. తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటామే, ఆ గిడుగు రామమూర్తి పంతులు గారు నేర్చుకుని, వ్యాకరణం, నిఘంటువు రాసింది వీళ్ల భాషకే.

బొమ్మ ఎందుకు గీస్తారు?

అందం కోసం కాదు. ఇంట్లో ఎవరికో జబ్బు చేస్తుంది. చనిపోయిన పెద్దల్లో ఎవరికో ఏదో లోటయిందని పూజారి చెబుతాడు. అప్పుడు లోపలి గోడను ఎర్రమట్టితో అలికి, బియ్యప్పిండి నీళ్లలో కలిపి, కొస నలగ్గొట్టిన పుల్లతో బొమ్మ వేస్తారు. ముందు గీసే చతురస్రమే ఆ పెద్దకు ఇల్లు. పూజారి ఆయన్ని పిలిచి చూపిస్తాడు. 'ఇది లేదే' అంటే అదీ గీయాల్సిందే!

1940ల్లో ఈ కొండల్లో తిరిగిన వెరియర్ ఎల్విన్ ఆ గోడల మీద సైకిళ్లు, రైళ్లు, విమానాలు కూడా చూశారు. అంటే పాతకాలంలో ఆగిపోయిన కళ కాదిది. కొత్తగా ఏది కనిపించినా పెద్దల కోసం గోడ ఎక్కేసేది.

మరి అమ్మకానికి పెడితే?

ఇదే చిక్కు అమెరికాలోని న్యూమెక్సికోలో జునీ తెగకూ వచ్చింది. వాళ్లు రాళ్లలో ఎలుగుబంటి, తోడేలు, గద్దలాంటి చిన్న బొమ్మలు చెక్కుతారు. ఒక్కో దిక్కుకు ఒక్కో జంతువు కాపలా అని నమ్మకం. మట్టి కుండల మీద జింకను గీస్తే నోటి నుంచి గుండె దాకా ఒక గీత.. అది ఊపిరి దారి. వాళ్లొక తేడా పాటిస్తారు. షాపులో అమ్మేది ఉత్త శిల్పం. పూజ జరిగిందే పవిత్రం, అది అమ్మకానికి కాదు.

సవర బొమ్మ కూడా ఇప్పుడు గోడ దిగి కాగితం, కాన్వాస్, చీరల మీదకొచ్చింది. గీసేవాళ్లకు నాలుగు డబ్బులొస్తే మంచిదే. కానీ ఊళ్లలో మట్టి గోడలు పోయి సిమెంట్ గోడలొస్తున్నాయి. చాలామంది మతం మారారు, పాత పూజలు తగ్గాయి. బొమ్మ మిగిలి, అది ఎవరి కోసమో మర్చిపోతే మిగిలేది డిజైన్ ఒక్కటే.

అందుకే ఈసారి కొనేముందు బేరం కాసేపు పక్కన పెట్టండి. 'ఏ ఊరిది? ఎవరు గీశారు? ఎందుకు గీస్తారు?' అని అడగండి. ఇన్‌స్టాలో ఫొటో పెడితే ఆ మూడు జవాబులూ కింద రాయండి. ఊరూ పేరూ ఉన్న బొమ్మను వార్లీ అనడం ఇక ఎవరివల్లా కాదు!