రోజుకు ఎన్ని ఇళ్ళు చూపాలి? - గృహక్రయంలో మధ్యవర్తి బాధ్యత: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఇల్లు కొనదలచిన వారికి మధ్యవర్తి ఒక రోజులో ఎన్ని ఇళ్ళు చూపాలన్నది పైకి చిన్న ప్రశ్న. కాని ఒక కుటుంబం ఏళ్ళ తరబడి తీర్చవలసిన అప్పు ఆ రోజు చూసిన చూపుపై ఆధారపడి ఉంటుంది. హైదరాబాదులో ఫ్లాట్ల కొనుగోలును ఉదాహరణగా తీసుకొని కాలం, జ్ఞాపకశక్తి, మధ్యవర్తి ప్రయోజనం, చట్టం అనే నాలుగు కోణాల నుండి ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. రోజుకు మూడు లేదా నాలుగు ఇళ్ళు తగిన సంఖ్య అనీ, దాన్ని నిర్ణయించవలసింది మధ్యవర్తి ఓపిక కాక కొనేవారి గ్రహణశక్తి అనీ ఇందులో ప్రతిపాదించడం జరిగింది.

కీలకపదాలు: గృహక్రయం, మధ్యవర్తి, దళారి, తరగరి, ఎంపిక, జ్ఞాపకశక్తి, రెరా చట్టం, కార్పెట్ ఏరియా.

1. ఉపోద్ఘాతం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న సామెత తెలియని తెలుగువారు ఉండరు. ఇల్లు కట్టడంలోని కష్టాన్ని పెళ్ళితో సమానం చేసిన సామెత ఇది. నేడు నగరవాసుల్లో చాలామంది ఇల్లు కట్టడం లేదు. కట్టిన ఇల్లు కొంటున్నారు. కష్టం తగ్గలేదు, దాని చోటు మారింది. ఒకప్పుడు మేస్త్రీ దగ్గర నిలబడి గోడలు లేపించినవారు, నేడు మధ్యవర్తి వెంట తిరిగి గోడలు చూసి వస్తున్నారు.

కొన్నేళ్ళ క్రితం ఈ వ్యాసకర్త కుటుంబం హైదరాబాదులో ఫ్లాటు కోసం వెదుకుతూ, ఒక ఆదివారం ఒక మధ్యవర్తితో కలిసి ఎనిమిది ఫ్లాట్లు చూసింది. రాత్రి ఇంటికి వచ్చి మాట్లాడుకుంటే, వంటగదికి ఆనుకొని గిన్నెలు తోముకునే చోటు ఉన్నది నాలుగో ఫ్లాటులోనా, ఆరోదానిలోనా అన్నది ఇంట్లో ఎవరికీ తేలలేదు. వేసవిలోనూ ట్యాంకరు తెప్పించే అవసరం రాదని ఏ యజమాని చెప్పాడో గుర్తులేదు. స్పష్టంగా గుర్తున్నవి రెండే: మొదటిది, చివరిది. చివరిదానికే బయానా ఇవ్వడానికి సిద్ధపడ్డాం. మరునాడు పగటివేళ మళ్ళీ వెళ్ళి చూస్తే, పడకగది కిటికీకి మూడడుగుల దూరంలో పక్క భవనం గోడ ఉంది. ముందురోజు మేము వెళ్ళేసరికి చీకటి పడింది. గదుల్లో దీపాలన్నీ వెలుగుతున్నాయి. ఆ మధ్యవర్తి అబద్ధం చెప్పలేదు. ఎనిమిది ఇళ్ళు చూపించాడు, అంతే. ఈ అనుభవమే ఈ పరిశీలనకు ప్రేరణ.

2. మధ్యవర్తి: మాటలో ఉన్న బాధ్యత

కొనేవారికీ అమ్మేవారికీ నడుమ నిలిచి బేరం కుదిర్చే వ్యక్తికి తెలుగులో తరగరి అనే పేరుంది. అతనికి ముట్టే ప్రతిఫలం తరగు. వ్యవహారంలో దళారి, బ్రోకరు, ఏజెంటు అన్న మాటలు ఎక్కువగా వినిపిస్తాయి. వీటిలో దళారి అన్న మాట నేడు కొంత నిందార్థంలో వాడుకలో ఉంది. అయితే దానికి మూలమైన దల్లాల్ అన్న అరబ్బీ పదం దారి చూపడం, సూచించడం అన్న అర్థాలుగల ధాతువు నుండి పుట్టింది. అంటే దళారి మౌలికంగా దారి చూపేవాడు.

ఇల్లు చూపడానికీ దారి చూపడానికీ భేదం ఉంది. తాళం చెవి చేతిలో ఉన్న ఎవరైనా ఇల్లు చూపగలరు. వంద ఇళ్ళలో ఈ కుటుంబానికి పనికిరాని తొంభైని ముందే తొలగించగలిగినవాడే దారి చూపినవాడవుతాడు. రోజుకు ఎన్ని ఇళ్ళన్న ప్రశ్నకు సమాధానం ఈ భేదంలోనే ఉంది. చూపిన ఇళ్ళ సంఖ్య పెరిగిందంటే, చాలా సందర్భాల్లో, తొలగించే పని ముందుగా జరగలేదని అర్థం.

3. కాలం లెక్క

ఒక ఫ్లాటును సరిగా చూడడం అంటే గదులు తిరిగి రావడం మాత్రమే కాదు. కొళాయిలు తిప్పి ధార చూడాలి. స్నానాలగది గోడ అవతలి వైపు చెమ్మ ఉందేమో తడిమి చూడాలి. కిటికీలు తెరిచి గాలి, వెలుతురు గమనించాలి. లిఫ్టు, మెట్లు, పార్కింగు, మేడ మీది నీళ్ళ ట్యాంకు, బోరు పరిస్థితి చూడాలి. వీలైతే పక్క ఫ్లాటువారితో రెండు మాటలు మాట్లాడాలి. దీనికి తక్కువలో తక్కువ 40 నిమిషాలు పడుతుంది. ఒక చోటి నుండి మరో చోటికి వెళ్ళి, వాహనం నిలిపి, తాళాలు తెప్పించుకోవడానికి సగటున 30 నిమిషాలు అనుకుందాం.

ఈ లెక్కన నాలుగు ఫ్లాట్లకు 250 నిమిషాలు, అంటే 4 గంటల 10 నిమిషాలు కావాలి. ఆరింటికి ఆరున్నర గంటలు. ఎనిమిదింటికి 8 గంటల 50 నిమిషాలు. ఎనిమిదింటినీ ఆరు గంటల్లో ముగించాలంటే, ప్రయాణాలకు పోయే మూడున్నర గంటలు తీసివేయగా, ఒక్కో ఫ్లాటుకు మిగిలేది 19 నిమిషాల లోపే. పెళ్ళికి పట్టుచీర ఎంచుకోవడానికి ఇంతకంటె ఎక్కువ సేపు కూర్చుంటాం.

హైదరాబాదు విస్తీర్ణం ఈ లెక్కను ఇంకా కఠినం చేస్తుంది. నగరం చుట్టూ ఉన్న ఔటర్ రింగు రోడ్డు పొడవే 158 కిలోమీటర్లు. ఒకే రోజు ఉదయం నిజాంపేట, మధ్యాహ్నం వనస్థలిపురం చూపే మధ్యవర్తి కొనేవారికి ఇళ్ళకంటె రోడ్లే ఎక్కువ చూపుతాడు. నిజాంపేట, బాచుపల్లి, మియాపూర్ వంటి ఇరుగుపొరుగు ప్రాంతాలను ఒక రోజుకు కేటాయిస్తేనే నాలుగు ఇళ్ళ చూపు సాధ్యం.

4. జ్ఞాపకశక్తి, ఎంపిక

కాలం సరిపోయినంత మాత్రాన మనసు సరిపోదు. మనిషి తాత్కాలిక జ్ఞాపకం ఏకకాలంలో సుమారు ఏడు అంశాలను పట్టి ఉంచగలదని జార్జ్ మిల్లర్ 1956లో ప్రతిపాదించాడు. ఆ సంఖ్య నిజానికి నాలుగుకు దగ్గరగా ఉంటుందని నెల్సన్ కోవన్ 2001లో వాదించాడు. వరుసగా విన్న మాటల్లో మొదటివీ చివరివీ బాగా గుర్తుండి, నడిమివి జారిపోతాయని బెన్నెట్ మర్డాక్ 1962లో చేసిన ప్రయోగాలు చూపాయి. ఇవి పదాల జాబితాలు, అంకెల వంటి వాటితో చేసిన పరిశీలనలే గాని, ఇళ్ళతో చేసినవి కావు. అయినా ఒక్కో ఇల్లు ధర, దిక్కు, అంతస్తు, నీరు, వెలుతురు, నెలసరి నిర్వహణ ఖర్చు వంటి పది అంశాల మూట. అటువంటి మూటలు ఎనిమిదింటిని ఒక సాయంత్రానికి వేరువేరుగా గుర్తుంచుకోవడం కష్టమని ఊహించడానికి ఈ పరిశోధనలు ఆధారమవుతాయి.

ఎంపికలు పెరిగితే నిర్ణయం సులభమవుతుందా? షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ 2000లో ప్రచురించిన అధ్యయనం ఈ సందర్భంలో తరచుగా ప్రస్తావనకు వస్తుంది. కాలిఫోర్నియాలోని ఒక దుకాణంలో ఒకసారి 24 రకాల జాములు, మరొకసారి 6 రకాలు రుచికి పెట్టారు. 24 రకాలున్నప్పుడు ఎక్కువమంది ఆగారు. అలా ఆగినవారిలో కొన్నది 3 శాతం మాత్రమే. 6 రకాలున్నప్పుడు ఆగినవారిలో 30 శాతం కొన్నారు. అయితే ఈ ఫలితాన్ని అన్నిచోట్లా వర్తించే సూత్రంగా తీసుకోకూడదు. ఇటువంటి ప్రయోగాలను గుదిగుచ్చి 2010లో చేసిన సమీక్షలో సగటు ప్రభావం దాదాపు సున్నా అని తేలింది. ఎంపికలు క్లిష్టమైనప్పుడు, పోల్చడం కష్టమైనప్పుడు, తనకేం కావాలో మనిషికే స్పష్టత లేనప్పుడు అధిక సంఖ్య హాని చేస్తుందని 2015లో వెలువడిన మరో సమీక్ష వివరించింది. మొదటిసారి ఇల్లు కొనేవారి విషయంలో ఈ మూడు పరిస్థితులూ ఒకేసారి ఎదురుకావడం సహజం.

5. వరుస, ప్రయోజనం

సంఖ్యతోపాటు చూపే వరుసకూ ప్రాధాన్యం ఉంది. రెండు చీకటి ఇళ్ళు చూపిన తరువాత చూపే సాధారణమైన ఇల్లు కూడా వెలుగుగా కనిపిస్తుంది. మొదట కోటిన్నర ధర చెప్పి తరువాత కోటీ పది లక్షలు చెబితే, రెండవది చౌకగా తోస్తుంది. నార్త్‌క్రాఫ్ట్, నీల్ 1987లో ప్రచురించిన అధ్యయనంలో అమెరికాలోని టూసన్ నగరంలో ఒకే ఇంటికి వేర్వేరు అడుగు ధరలు చూపి విలువ కట్టమన్నారు. విద్యార్థులే కాదు, వృత్తిలో ఉన్న ఏజెంట్లు కూడా తమకు చూపిన ధర వైపే మొగ్గారు. అనుభవజ్ఞులే తప్పించుకోలేని ఈ ప్రభావం నుండి, అలసిన కొనుగోలుదారు తప్పించుకుంటాడని ఆశించలేం.

ఇక మధ్యవర్తి ప్రయోజనం. అతని ప్రతిఫలం బేరం కుదిరితేనే వస్తుంది. ధరలో కొద్దిపాటి తేడా వల్ల ఆ ప్రతిఫలంలో పెద్ద మార్పు ఉండదు. కాబట్టి మంచి బేరంకంటె త్వరగా ముగిసే బేరం అతనికి లాభసాటి. లెవిట్, సివర్సన్ 2008లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, షికాగో ప్రాంతంలోని ఏజెంట్లు తమ సొంత ఇళ్ళను అమ్ముకునేటప్పుడు ఇతరుల ఇళ్ళకంటె సుమారు తొమ్మిదిన్నర రోజులు ఎక్కువ వేచి ఉండి, దాదాపు 3.7 శాతం ఎక్కువ ధర పొందారు. దీన్ని బట్టి మధ్యవర్తులందరూ మోసగాళ్ళని చెప్పడం అన్యాయం. ఓపిక ఎవరి సొమ్ము కోసం పడుతున్నామన్న దానిపై ఆధారపడుతుందని మాత్రమే ఇది సూచిస్తుంది. అలసిన మనిషి త్వరగా ఒప్పుకుంటాడు. ఆ అలసట ఒకరికి లాభమైనప్పుడు దానికి హద్దు గీయడం అవసరం.

6. చట్టం చెప్పేది

స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం 2016లో వచ్చింది. వాడుకలో దీన్ని రెరా అంటున్నాం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ 2017లో తమ నియమావళిని ప్రకటించాయి. ఈ చట్టంలోని 9వ సెక్షను ప్రకారం, నమోదు కావలసిన ప్రాజెక్టుల్లో అమ్మకాలు సాగించే ఏజెంటు తానూ నమోదు చేసుకోవాలి. నమోదు కాని ప్రాజెక్టుల అమ్మకానికి సహకరించరాదనీ, బుకింగు సమయంలో కొనేవారికి హక్కుగా రావలసిన సమాచారం, పత్రాలు అందేలా చూడాలనీ 10వ సెక్షను నిర్దేశిస్తుంది. వీటిని ఉల్లంఘిస్తే 62వ సెక్షను కింద రోజుకు 10,000 రూపాయల చొప్పున, ఆస్తి విలువలో 5 శాతం వరకు జరిమానా పడవచ్చు.

ఇళ్ళ సంఖ్య గురించి చట్టం ఏమీ చెప్పదు. కాని 10వ సెక్షను స్ఫూర్తిని గమనిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది: ఇల్లు చూపడంతోపాటు ఇంటి వివరం చూపడం కూడా ఏజెంటు పనే. గోడల లోపలి వాడుక స్థలాన్ని తెలిపే కార్పెట్ ఏరియా ఎంత, స్థలంలో అవిభక్త వాటా ఎంత, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉందా అన్న వివరాలు ఎనిమిది ఇళ్ళకు ఒకే రోజున ఎవరూ సక్రమంగా వివరించలేరు. పాత ఫ్లాట్ల పునర్విక్రయానికి ఈ చట్టరక్షణ చాలావరకు వర్తించదు. అక్కడ ఈసీ, లింకు డాక్యుమెంట్ల పరిశీలన భారం కొనేవారిదే కనుక తొందర మరింత ప్రమాదకరం.

7. ఆచరణ

సంఖ్య తగ్గాలంటే పని ముందుగా జరగాలి. మొదటి రోజు మధ్యవర్తి ఒక్క ఇల్లూ చూపకుండా అరగంట కూర్చొని అడగాలి: బడ్జెటు ఎంత, నెలకు ఎంత కిస్తు కట్టగలరు, పిల్లల బడి ఎక్కడ, ఇంట్లో పెద్దవారు మెట్లు ఎక్కగలరా, తూర్పు ముఖమే కావాలా? ఈ ఒక్క సంభాషణ అనేక వృథా ప్రయాణాలను తప్పిస్తుంది. వాస్తు పట్టింపు ఉన్నవారికి దక్షిణ ముఖం ఫ్లాటు చూపడం ఇద్దరికీ కాలహరణమే.

చూసే రోజున ప్రతి ఇంటికీ ఒక కాగితం ఉండాలి. ఒక ఇంటి నుండి బయటికి రాగానే, తరువాతి ఇంటికి బయలుదేరక ముందే, నచ్చినవి మూడు, నచ్చనివి మూడు రాసుకోవాలి. రెండిళ్ళు చూసిన తరువాత కొంత విరామం అవసరం. ఎంత నచ్చినా బయానా అదే రోజు ఇవ్వకూడదు. ఆదివారం సాయంత్రం రాహుకాలం దాటేవరకు ఆగగలిగినవారు, మరునాటి వరకు ఆగడం కష్టం కాదు. నచ్చిన ఇంటిని మరొక వేళలో రెండోసారి చూడాలి: పగలు చూసినదాన్ని రాత్రి, రాత్రి చూసినదాన్ని పగలు.

కొన్ని మినహాయింపులున్నాయి. ఒకే ప్రాంగణంలో ఒకే నమూనాలో కట్టిన మూడు ఫ్లాట్లను దాదాపు ఒకే ఇంటి చూపుగా లెక్కించవచ్చు. విదేశాల నుండి పదిరోజుల సెలవు మీద వచ్చిన తెలుగువారికి రోజుకు ఐదారు చూపక తప్పకపోవచ్చు. అటువంటప్పుడు ఉదయం మూడు, సాయంత్రం రెండు లేదా మూడుగా విభజించి, చివరి రెండు రోజులను రెండో చూపుకే కేటాయించాలి.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. హైదరాబాదు వంటి నగరంలో రోజుకు మూడు లేదా నాలుగు ఇళ్ళు చూపడం తగినది. ఐదు దాటితే చూపు నామమాత్రమవుతుంది.
2. ఆ ఇళ్ళు ఇరుగుపొరుగు ప్రాంతాల్లో ఉండి, ముందస్తు సంభాషణ ద్వారా ఎంపికైనవై ఉండాలి.
3. ఎక్కువ ఇళ్ళు చూపడం శ్రద్ధకు గుర్తు కాదు. చాలాసార్లు అది ముందుగా వడపోయలేదని తెలిపే గుర్తు.
4. ఇల్లు చూసిన రోజూ, బయానా ఇచ్చే రోజూ ఒకటి కాకూడదు.

మేము చివరకు కొన్న ఫ్లాటు ఆ ఎనిమిదింటిలో లేదు. మరొక మధ్యవర్తి రెండు ఆదివారాల్లో కలిపి ఐదు ఇళ్ళు చూపాడు. వాటిలో నాలుగోది అది. రోజుకు రెండు మూడు ఇళ్ళే చూపుతున్నాడని మొదట్లో అతన్ని బద్ధకస్తుడనుకున్నాం. అతను చూపకుండా వదిలేసిన ఇళ్ళే అతను మాకు చేసిన మేలని తరువాత అర్థమైంది.