పోల్చి చూడనిదే నిజం తెలియదు

సాటి మనుషుల వల్ల మన ఆలోచన, నడత ఎలా మారుతాయో పరిశీలించేది సాంఘిక మనస్తత్వశాస్త్రం. బి.కాం. చదివి బ్యాంకు గుమాస్తాగా పనిచేసిన నాకు అందులో బాగా నచ్చింది కాకినాడ ప్రయోగం.

1964లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ బృందం, హైదరాబాదులోని సియెట్ సంస్థ ద్వారా కాకినాడ వ్యాపారస్తులకు శిక్షణ ఇప్పించింది. నేర్పింది జమాఖర్చులు కాదు, 'సాధన ప్రేరణ'. అంటే అందుకోగల లక్ష్యం పెట్టుకొని, ఫలితం చూసుకొంటూ, పనిని మరింత బాగా చేయాలనే తపన.

తర్వాత వారిలో పలువురు వ్యాపారం పెంచారు. అది శిక్షణ వల్లనేనా? ఆ కాలంలో అందరి వ్యాపారమూ పెరిగి ఉండవచ్చు కదా! అందుకే శిక్షణ పొందని రాజమండ్రి వ్యాపారస్తులతోనూ పోల్చారు. ఇలాంటివారిని 'నియంత్రణ సమూహం' అంటారు. శిక్షణ పొందినవారే ముందున్నారని మెక్‌క్లెలాండ్, వింటర్ 1969లో పుస్తకం వెలువరించారు.

ఈ పద్ధతి మన ఇళ్లకూ అవసరమే. ఫలానా ట్యూషన్‌లో చదివిన పిల్లవాడు ఫస్టు వచ్చాడని విని, అప్పుచేసి ఫీజు కట్టే తల్లిదండ్రులు మన రాజపాళయంలో ఉన్నారు. అక్కడ చేరీ వెనకబడినవారెందరు? చేరకనే రాణించినవారెందరు? ఈ రెండు లెక్కలూ అడిగి తెలుసుకొన్నాకే డబ్బు కట్టండి.