పనోరమిక్ దంత ఎక్స్‌రే: ఉపయోగాలు - పరిమితులు

దంతవైద్యశాలల్లో ఓపీజీగా వ్యవహరించే పనోరమిక్ ఎక్స్‌రేకు రూపమిచ్చినవారిలో ఫిన్లాండ్‌కు చెందిన యుర్యో పాతెరో ప్రముఖుడు. ఎక్స్‌రే గొట్టం, దానికి ఎదురుగా గ్రాహకం రోగి తల చుట్టూ తిరిగి రెండు దవడలనూ ఒకే చిత్రంలోకి తెస్తాయి. నోటిలో ఫిల్ము పెట్టనక్కరలేదు. గుట్కా, వక్కల అలవాటుతో నోటి లోపలి పొర బిగుసుకుపోయి నోరు తెరవలేనివారికి ఇది చిన్న సౌలభ్యం కాదు. మొలవని పన్ను, తిత్తి, విరిగిన దవడ ఇందులో తెలుస్తాయి.

అయితే యంత్రం స్పష్టంగా పట్టేది దవడ వంపు వెంబడి ఉన్న ఒక పొరను మాత్రమే. ముందుపళ్ల వద్ద ఆ పొర మరీ సన్నం. తల కాస్త ముందుకు జరిగితే అవి ఇరుకుగా, వెనక్కి జరిగితే వెడల్పుగా కనిపిస్తాయి. మెడ ఎముకల నీడ పడేదీ అక్కడే. చిత్రంలో పరిమాణం అంతటా ఒకే నిష్పత్తిలో పెరగదు కనుక దానిపై తీసిన కొలతలు నమ్మదగినవి కావు. పక్కపళ్ల అంచులు ఒకదానిపై ఒకటి పడటం వల్ల సందుల్లో అప్పుడే మొదలైన దంతక్షయం కనబడకపోవచ్చు; దానికి బైట్‌వింగ్ చిత్రమే తగినది. ఓపీజీ బాగుందంటే పళ్లన్నీ బాగున్నాయని కాదు.

జ్ఞానదంతం విషయంలో ఈ పరిమితి మరింత ముఖ్యం. దాని వేరు, కింది దవడలోని నాడి ఒకేచోట కనిపించినా, నాడి బుగ్గవైపు ఉందో నాలుకవైపు ఉందో ఈ ద్విమితీయ చిత్రం చెప్పలేదు. పన్ను తీసేటప్పుడు ఆ నాడి దెబ్బతింటే కింది పెదవి మొద్దుబారుతుంది. అందువల్ల నాడీమార్గపు తెల్లని అంచు వేరు వద్ద తెగినట్టు కనిపిస్తే వైద్యులు త్రిమితీయమైన సీబీసీటీని ఆశ్రయిస్తారు.