షల్, విల్: బట్టీ పట్టిన సూత్రం, బతికున్న వాడుక

‘ఐ, వీ వస్తే షల్, యూ, హీ, షీ, దే వస్తే విల్.’ ఈ ముక్క బట్టీ పట్టకుండా తెలుగునాట హైస్కూలు దాటినవాళ్లు తక్కువ. ఖాళీలు పూరించమన్న ప్రశ్నలో ‘ఐ’ పక్కన ‘విల్’ రాసి మార్కు పోగొట్టుకునే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. రాసింది సరైన ఇంగ్లిషే అయినా మార్కు పోవడం అన్యాయం. అందుకే ఈ రెండు మాటల చుట్టూ అల్లుకున్న నమ్మకాలను ఒక్కొక్కటిగా విప్పి చూడాలి.

అపోహ: ‘ఐ’, ‘వీ’ల పక్కన ‘విల్’ వాడితే తప్పు.

వాస్తవం: ఈ సూత్రాన్ని పుస్తకానికెక్కించినవాడు జాన్ వాలిస్ అనే ఇంగ్లండు గణితవేత్త. అనంతానికి మనం గీసే గుర్తును 1655లో వాడుకలోకి తెచ్చింది కూడా ఆయనే. అంతకు రెండేళ్ల ముందు, 1653లో, విదేశీయులకు ఇంగ్లిష్ నేర్పడానికి లాటిన్‌లో ఒక వ్యాకరణం రాశాడు. తన గురించి చెప్పేటప్పుడు ‘షల్’ అంటే జరగబోయేది, ‘విల్’ అంటే మాట ఇవ్వడమో బెదిరించడమో అనీ, ఎదుటివారి గురించి, ఇతరుల గురించి చెప్పేటప్పుడు ఇది తలకిందులవుతుందనీ అందులో విభజించాడు. తర్వాతి పుస్తకాలు దాన్ని ఒకదాన్ని చూసి ఒకటి రాసుకుంటూ పోయాయి.

స్కాట్లండ్, ఐర్లండ్, అమెరికాల్లో జనం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆ తేడా దక్షిణ ఇంగ్లండు వాళ్లకు పుట్టుకతో అబ్బుతుందనీ, మిగతావాళ్లకు పట్టుబడటం కష్టమనీ ఆ సూత్రాన్ని సమర్థించిన ఫౌలర్ సోదరులే 1906 నాటి ‘ద కింగ్స్ ఇంగ్లిష్’లో ఒప్పుకున్నారు. 1925లో అమెరికన్ భాషావేత్త చార్లెస్ ఫ్రీస్ నాటకాల్లోని సంభాషణలు పరిశీలించి, సూత్రానికీ వాడుకకూ పొంతన లేదని చూపించాడు. మన దగ్గర ఇంటింటా ఉండే రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం కూడా, ఎన్.డి.వి. ప్రసాదరావు సవరించిన ప్రతిలో, ‘ఐ షల్’ కంటే ‘ఐ విల్’ ఎక్కువ వాడుకలో ఉందనే చెబుతుంది. పుస్తకం మారినా మన ప్రశ్నపత్రాలు చాలాచోట్ల మారలేదు.

అపోహ: ‘విల్’ అంటే భవిష్యత్తు.

వాస్తవం: పాత ఇంగ్లిష్‌లో ‘విల్’ అంటే కోరుకోవడం, ‘షల్’ అంటే బాకీపడి ఉండటం, తప్పనిసరి కావడం. భవిష్యత్తు అర్థం వాటికి తర్వాత అంటుకుంది. ఇప్పటికీ ‘హీ విల్ బీ ఎట్ హోమ్ నౌ’ అన్నప్పుడు రేపటి ఊసే లేదు. ఈపాటికి ఇంట్లో ఉంటాడన్న ఊహ అది. మన ‘ఉంటాడు’ను గమనించండి. ‘రేపు ఉంటాడు’, ‘రోజూ ఉంటాడు’, ‘ఈపాటికి ఉంటాడు’ అనే మూడు పనులూ ఆ ఒక్క రూపమే చేస్తుంది. ఈ సంగతి చెబితే మన పిల్లలకు ‘విల్’ సగం అర్థమైనట్టే.

ఇదే అపోహ వల్ల ‘ఇఫ్ హీ విల్ కమ్’ అని రాస్తుంటారు. రాబోయేది కాబట్టి ‘విల్’ ఉండాలనుకుంటారు. ‘వస్తే’లో మనమూ కాలాన్ని చెప్పం కదా. ఇంగ్లిష్‌లోనూ అక్కడ ‘ఇఫ్ హీ కమ్స్’ చాలు.

అపోహ: ‘షల్’ చచ్చిపోయింది, నేర్చుకోనక్కర్లేదు.

వాస్తవం: ప్రశ్నలో అది నిక్షేపంగా ఉంది. ‘షల్ ఐ ఓపెన్ ద డోర్?’ అంటే ‘తలుపు తియ్యనా?’ అని, తెలంగాణలో ‘తియ్యాల్నా?’ అంటారు. ‘షల్ వీ గో?’ అంటే ‘వెళ్దామా?’ అని. ఇక్కడ ‘విల్’ పెడితే అర్థమే మారిపోతుంది: ‘విల్ వీ గో?’ అంటే వెళ్లడం జరుగుతుందా అని ఆరా తీసినట్టుంటుంది. ఎదుటివారిని సాయం అడిగేటప్పుడు మాత్రం ‘విల్ యూ’, అంటే ‘తీస్తారా?’. తియ్యనా, తీద్దామా, తీస్తారా అన్న తేడా మన ఇళ్లలో మూడేళ్ల పిల్లలకూ తెలుసు. ఇంత దగ్గరి దారి ఉండగా ఖాళీలు పూరించడంతో సరిపెట్టడం నాకు బాధగా ఉంటుంది.

అపోహ: ‘షల్’ అంటే మర్యాద ఎక్కువ.

వాస్తవం: ‘యూ షల్ సెండ్ ద రిపోర్ట్ బై మండే’ అని సహోద్యోగికి రాస్తే అది హుకుం జారీ చేసినట్టు ఉంటుంది. ‘ప్లీజ్ సెండ్’ అంటే సరిపోతుంది.

అపోహ: చట్టంలో ‘షల్’ ఉంటే అది తప్పనిసరే, తిరుగులేదు.

వాస్తవం: చాలావరకు నిజమే. మంత్రిమండలి రాష్ట్రపతికి సలహా ఇస్తుందని మాత్రమే చెప్పిన రాజ్యాంగం 74వ అధికరణంలో, ఆ సలహా ప్రకారమే రాష్ట్రపతి నడుచుకోవాలని 1976లో 42వ సవరణ చేర్చింది. ఆ బిగింపు అంతా అక్కడ పెట్టిన ‘షల్’లోనే ఉంది. సలహాను ఒకసారి పునఃపరిశీలించమని కోరే వీలును 1978లో 44వ సవరణ కల్పించింది.

అయితే ‘షల్’ కనిపించిన ప్రతిచోటా కోర్టులు ఒకే అర్థం తీయలేదు. ఉద్యోగులపై క్రమశిక్షణ చర్యల్లో పబ్లిక్ సర్వీస్ కమిషన్‌ను సంప్రదించాలని 320వ అధికరణం ‘షల్’తోనే చెప్పింది. ఆ సంప్రదింపు జరగనంత మాత్రాన చర్య చెల్లకుండా పోదని మన్‌బోధన్ లాల్ శ్రీవాస్తవ కేసులో 1957లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మాటతోపాటు నిబంధన ఉద్దేశం కూడా చూడాలన్నది ఆ తీర్పు సారం. ఈ సందిగ్ధం వద్దనే అమెరికా ఫెడరల్ కోర్టుల సివిల్ నియమావళిని 2007లో తిరగరాసినప్పుడు ‘షల్’ను తీసేసి, తప్పనిసరి అన్నచోట ‘మస్ట్’ పెట్టారు.

ఇంగ్లిష్ చెప్పే మాష్టార్లకు, టీచరమ్మలకు ఒక్క మనవి. ‘ఐ విల్ గో టుమారో’ అని రాసిన పిల్లలకు దయచేసి పూర్తి మార్కు వేయండి. ఆ పీరియడ్‌లో ‘షల్ ఐ’, ‘షల్ వీ’, ‘విల్ యూ’ అంటూ వాళ్లచేత ఒకరినొకరు అడిగించండి.