సంతానభిక్షయు వంశవిచారమును

మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని సన్నిధికి వచ్చు దంపతులను జూడని దివిసీమవారుండరు. పుట్టలో పాలు పోసి సంతానము నర్థించువారు కొందరు. పుట్టిన బిడ్డ నిలువవలయునని మ్రొక్కువారు మరికొందరు. ఈ రెండవ తెగవారిని గూర్చియే నేడు మేము వ్రాయబూనితిమి. తొలిచూలు బిడ్డ నడక నేర్వకయే కృశించి పోవును. మలిచూలు బిడ్డయు నా దారినే పట్టును. ఇంటివారు సర్పదోషమందురు, ఇరుగుపొరుగులు కోడలి కడుపు మంచిది కాదందురు. మ్రొక్కునకు మేమడ్డు చెప్పము. కాని నిరపరాధినియగు నా తల్లిపై నింద మోపుటను మాత్రము సహింపజాలము.

ఏలయన, ఇట్టి వ్యాధులలో పెక్కింటికి కారణము తల్లిదండ్రులిరువురియందును సమానముగా దాగియుండును. లోపము గల జన్యువులు కొన్ని ప్రతి మనుష్యునియందును కలవు. జతలోని రెండవ జన్యువు సరిగా నున్నంతవరకు ఆ లోపము బయటపడదు. ఒకే లోపమును దాల్చిన స్త్రీపురుషులు దంపతులైనచో, ప్రతి కాన్పునందును బిడ్డ వ్యాధిగ్రస్తమగుటకు నాలుగింట నొకపాలు అవకాశము కలదు. ఒక బిడ్డ పోయెను గావున తక్కిన మువ్వురును క్షేమమని కాదు; ప్రతి పర్యాయమును పాచికలు క్రొత్తగా వేసినట్లే. థలసీమియా యిట్టిది. వెన్నుపాములోని నరకణములు నశించి కండరములు క్షీణించు వ్యాధియు నిట్టిదే.

మన సీమలో నీ ప్రశ్నకు మేనరికమను వేరొక ముడి కలదు. దాక్షిణాత్యుల యీ యాచారమును బౌధాయనుడే ధర్మసూత్రములలో పేర్కొనియున్నాడు. పొలము చీలకుండుటకును, ఆడుబిడ్డ పరాయి యింట నగచాట్లు పడకుండుటకును మన పెద్దలు దీనిని పాటించిరి. అయితే మేనత్త మేనమామ బిడ్డలకు ఎనిమిదింట నొకపాలును, మేనమామకు మేనకోడలికి నాలుగింట నొకపాలును జన్యువులు ఉమ్మడి. హాల్డేన్ పండితుని శిష్యుడైన ద్రోణంరాజు కృష్ణారావుగారు మీరాఖానుగారితో గూడి ఆంధ్రదేశపు మేనరికములను పరిశోధించి 1963లో ఫలితములను ప్రకటించిరి. మేనరికపు బిడ్డలందరును రోగులనుట అసత్యము, అత్యధికు లారోగ్యవంతులే. సామాన్యముగా నూటికి ఇద్దరు మువ్వురు శిశువులకు పుట్టుకతో లోపములుండగా, మేనత్త మేనమామ బిడ్డల దాంపత్యమున నింకొక యిద్దరు మువ్వురు చేరుదురు. వంశమున వ్యాధి యొకమారు కనబడిన పిదప లెక్క వేరు.

ఎకరము పొలము కొనుటకు ముందు తాతలనాటి దస్తావేజులు వెదకించు మన రైతులు, వియ్యమందుటకు ముందు ఆ వంశమున పోయిన పసిబిడ్డల మాట యేల యడుగరు? అడిగిన సంబంధము చెడునను భయము. చెప్పిన పరువు పోవునను జంకు. ఈ మౌనమునకు మూల్యము చెల్లించునది శిశువు.

జన్యుసలహా యనునది యీ మౌనమును భేదించు ప్రక్రియ. వైద్యుడు మూడు తరముల వంశవృక్షమును గీయును, రక్తమును పరీక్షింపించును, గర్భము నిలిచిన 11వ వారము మొదలు మాయనుండియు, 16వ వారము దాటిన పిదప ఉమ్మనీటినుండియు కణములను గైకొని శిశువు స్థితి నెరుగగలడు. హైదరాబాదులోని నిజాము వైద్యవిజ్ఞాన సంస్థయు, డీఎన్ఏ పరిశోధన కేంద్రమును ఈ పని చేయుచున్నవి. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానము క్రింద చికిత్సకు 50 లక్షల రూపాయల వరకు సాయము పొందు మార్గమును కలదు.

అయినను సలహా సలహాగానే యుండవలెను. వంశశుద్ధి పేరిట 1927లో అమెరికా అత్యున్నత న్యాయస్థానము నిర్బంధ శస్త్రచికిత్సల నామోదించెను. 1933లో జర్మనీ వానికి శాసనమే చేసెను. ఆ ఘోరము మనకు వలదు. దారులను చూపుట వైద్యుని వంతు, నిర్ణయము దంపతులది. ఆడుబిడ్డయా మగబిడ్డయా యని తెలియజెప్పుట 1994 శాసనము ప్రకారము నేరమని యిరువురును మరువరాదు.

బందరున 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల వెలసినది. వారమున కొకదినమైన నచ్చట జన్యుసలహా లభించునట్లు చేయుడని ప్రభుత్వమును కోరుచున్నాము. దివిసీమ పేదరైతు బిడ్డ నెత్తుకొని హైదరాబాదు పోవుట యెంత కష్టమో యేలికలకు తెలియనిది కాదు. పాఠకులను మేము కోరున దొక్కటే: పుట్టలో పాలు పోయుడు, కాని మరుసటి కాన్పునకు ముందు వైద్యుని యొద్దకును పోయి రండు. పోవునపుడు కోడలిని మాత్రమే పంపక, కుమారుని గూడ వెంట పంపుడు.