ఏడుపు వస్తున్నప్పుడు థ్యాంక్స్ ఎలా చెప్పాలి?

ఈ ఎపిసోడ్‌లో కృతజ్ఞత గురించి మాట్లాడుకుందాం. "అబ్బా, మళ్లీ అదేనా" అని స్కిప్ చేయకండి, ఒక్క ఐదు నిమిషాలు ఉండండి.

నాకు తెలిసిన ఒక తమ్ముడు బీటెక్ అయ్యాక ఏడాదిన్నరగా ఇంటర్వ్యూలకి తిరుగుతున్నాడు. మొన్న అడిగాడు: "అన్నా, ప్రతిదానికీ స్తోత్రం చెప్పమంటారు. జాబ్ లేదు. ఇంట్లో నాన్న మొహం చూడలేకపోతున్నా. ఇప్పుడు థ్యాంక్స్ చెబితే దేవుడితో అబద్ధం ఆడినట్టే కదా?"

మంచి ప్రశ్న. ఆ మాట బైబిల్లో ఎక్కడుందో చూద్దాం. పౌలు థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక, ఐదో అధ్యాయం. ఎప్పుడూ సంతోషంగా ఉండటం, మానకుండా ప్రార్థించడం, కృతజ్ఞతలు చెప్పడం. ఈ మూడూ వరసగా, పక్కపక్కనే ఉంటాయి.

ఇది ఎవరికి రాశాడు? లైఫ్ సెట్ అయిపోయినవాళ్లకి కాదు. అపొస్తలుల కార్యములు 17 చదవండి. థెస్సలొనీకలో అల్లరిమూక యాసోను ఇంటి మీద పడింది. విశ్వాసులు పౌలునీ సీలనీ రాత్రికి రాత్రే బెరయకి పంపేశారు. ఆ కొత్త విశ్వాసులు మాత్రం అదే ఊళ్లో, అదే జనం మధ్య ఉండిపోయారు. క్రీ.శ. 50 ప్రాంతంలో వాళ్లకి వెళ్లిన ఉత్తరం ఇది. అప్పటికే వాళ్లలో కొందరు చనిపోయారు కూడా. పౌలు వాళ్లని ఏడవొద్దు అనలేదు. నిరీక్షణ లేనివాళ్లలా ఏడవొద్దన్నాడు, అంతే.

ఇంకో చిన్న విషయం. కృతజ్ఞత గురించి చెప్పినచోట గ్రీకులో 'ఎన్' అనే మాట ఉంది. అంటే మన తెలుగులో 'లో'. ప్రతి పరిస్థితి'లో' థ్యాంక్స్ చెప్పాలి. జాబ్ పోవడం మంచిదని నటించక్కర్లేదు. జాబ్ లేని ఈ రోజుల్లో కూడా దేవుడు ఇచ్చింది ఏదో ఒకటి ఉంటుంది, దాన్ని చూడాలి.

పౌలు కూడా అదే చేశాడు. మూడో అధ్యాయం చూడండి. వాళ్లు ఎలా ఉన్నారో తెలియక ఉండబట్టలేక, తను ఏథెన్సులో ఒంటరిగా మిగిలినా సరే అని తిమోతిని పంపాడు. తిమోతి తిరిగొచ్చి, వాళ్లు విశ్వాసంలో నిలబడే ఉన్నారని చెప్పాడు. వాళ్ల శ్రమలు ఆగిపోలేదు. పౌలు ఇంకా వాళ్లని కలవలేకపోయాడు. అయినా, మీ వల్ల మాకు కలిగిన ఇంత ఆనందానికి దేవునికి ఎలా కృతజ్ఞత చెప్పాలి అన్నట్టు రాస్తాడు. ఆనందం, కృతజ్ఞత రెండూ ఒకే వాక్యంలో!

మేం సర్వర్లకి అలర్ట్స్ పెట్టేవాళ్లం. ఏదైనా పాడైతే అర్ధరాత్రి అయినా ఫోన్ మోగుతుంది. కానీ "ఈరోజు అంతా బాగానే నడిచింది" అని ఏ అలర్టూ రాదు. మన మనసు కూడా అంతే. లేనిదాని గురించి అదే మోగుతుంది. ఉన్నదాన్ని మాత్రం మనమే వెళ్లి చూసుకోవాలి. చూసినప్పుడు "ఇది దానంతటదే రాలేదు, నన్ను పట్టించుకునే దేవుడు ఇచ్చాడు" అని అర్థమవుతుంది. నాకు తెలిసి ఆనందం అక్కడ మొదలవుతుంది. వస్తువు దొరికినందుకు వచ్చే సంతోషం నాలుగు రోజులే. ఇచ్చినవాడు మనతోనే ఉన్నాడని తెలిస్తే వచ్చే సంతోషాన్ని రిజెక్షన్ మెయిల్ తీసేయలేదు.

ఆ తమ్ముడికి చెప్పిందే మీకూ చెబుతున్నా. ముందు బాధ ఉన్నది ఉన్నట్టు దేవుడికి చెప్పండి. తర్వాత ఫోన్‌లో నోట్స్ తీసి మూడు లైన్లు రాయండి. "అన్నిటికీ స్తోత్రం" అని ఒక్క ముక్కలో తేల్చేయొద్దు. ఎవరు, ఏం చేశారు, ఎప్పుడు, అన్నీ రాయండి. "ఇంటర్వ్యూకి వెళ్తుంటే నాన్న అడక్కుండానే చార్జీలకి డబ్బులు జేబులో పెట్టారు", అలా. అది చదివి దేవుడికి థ్యాంక్స్ చెప్పండి. చివరగా, ఆ మనిషికి కూడా ఆ మాట చెప్పండి. పౌలు తన థ్యాంక్స్‌ని మనసులోనే దాచుకోలేదు కదా, ఉత్తరం రాసి మరీ పంపాడు.

ఈ వారం రోజులు చేసి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. దేవుడు మిమ్మల్ని దీవించును గాక.